4417 నంబరు రైతు

సోమవారం పొద్దున ఏడింటికి జగ్గయ్యపేటలో విజయవాడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న బెన్నికి ఆ వారం మొత్తానికి ఉన్న పనులు రెండే. శుక్రవారం దాకా ఆఫీసులో సర్వర్ పడిపోకుండా కాపాడుకోవాలి. శుక్రవారం పదకొండింటికి చిల్లకల్లు చర్చిలో ప్రధానం జరిగేటప్పుడు మహిమ వేలికి ఉంగరం తొడగాలి. సర్వర్‌కీ ఉంగరానికీ ఏం సంబంధమని అడగవచ్చు. మహిమ తండ్రి ఏలీయా మాస్టారు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పరీక్ష పేపరు దిద్దినట్టే సంబంధాన్నీ దిద్దాడు. అబ్బాయికి నందిగామలో నిలకడైన ఉద్యోగం ఉందని ఒక టిక్కు, ఆదివారం చర్చి మానడని ఇంకో టిక్కు పెట్టి పిల్లనిస్తానన్నాడు. ఆ రెండు టిక్కుల్లో ఏది చెరిగినా ఉంగరం డబ్బీలోనే ఉండిపోతుంది.

బెన్ని కలల మనిషి. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, శరీరం బస్సులో, మనసు ఇంకెక్కడో. ఆ కాలంలో పొద్దునపూట హైవే మీద మంచు ఇంకా విడిచేది కాదు. సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం పొగ ఏదో, మంచు ఏదో తెలియకుండా రెండూ కలిసిపోయి పత్తి చేల మీద పాకుతుండేవి. చిల్లకల్లు స్టాపులో అవతలి వైపు, జగ్గయ్యపేట బస్సు కోసం మహిమ నిలబడి ఉండేది. ఆమె జగ్గయ్యపేట బడిలో లెక్కల టీచరు. చెయ్యి ఊపేది కాదు. గొడుగు మాత్రం రెండంగుళాలు పైకెత్తేది. ఆ రెండంగుళాల్లో బెన్ని ఇల్లు కట్టేవాడు, గోడలకి రంగులు వేసేవాడు, పిల్లలకి పేర్లు పెట్టేవాడు. నందిగామ వచ్చి వెళ్ళిపోయిన సంగతి, మునేరు వంతెన మీద చల్లగాలి మొహానికి కొట్టినప్పుడు తెలిసేది. అలా కంచికచర్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులు ఆ నెలలోనే మూడు. ఆ సోమవారం మాత్రం సరిగ్గా దిగాడు. వారం బాగా మొదలైందనుకున్నాడు పాపం.

అతను పనిచేసేది ఊరి బయట భవానీప్రసాద్‌గారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో. లోపల పెద్ద పెద్ద చీకటి గదుల్లో వేలకొద్దీ మిర్చి టిక్కీలు, అంటే కుక్కిన బస్తాలు, చలికి ముడుచుకుని నిద్రపోతుంటాయి. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా తలుపు తీస్తే తెల్లటి ఆవిరి కాళ్ళ మీదికి వస్తుంది. రైతు ఫోన్లో వేలితో నొక్కితే ఏ రోజు, ఏ గంటకి, ఎన్ని టిక్కీలు తేవాలో టోకెన్ వస్తుంది. టోకెన్ లేని బండికి గేటు తెరవరు. ఆ టోకెన్లు ఇచ్చేది ఒక మూల అద్దాల గదిలో ఉన్న జావా సర్వర్. ఆ గదిలో సర్వర్‌తోపాటు ఉండేది బెన్ని.

నెల క్రితం ఆ సర్వర్ ఒకసారి చేతులెత్తేసింది. అప్పటి నుంచి దానికి అదే అలవాటైంది. ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు మధ్యాహ్నం, ఒకరోజు సాయంత్రం, వేళాపాళా లేకుండా రోజుకొకసారి పడిపోతుంది. పడగానే గేటు దగ్గర టోకెన్లు రాసే పుష్పవతి ఫోను చేస్తుంది. "బెన్నీ, మళ్ళీ గుండ్రంగా తిరుగుతా ఉందయ్యా." ఆ వెనకే ట్రాక్టర్లు హైవే మీద బారులు తీరతాయి, హారన్లు మోగుతాయి, భవానీప్రసాద్ మెట్లు దిగి వస్తాడు.

బెన్ని పనిలో లోపం లేదు. రోజంతా తెర మీద ఒక గీతనే చూస్తూ కూర్చునేవాడు. అది సర్వర్ మెమరీ గీత. పని చేసే కొద్దీ మెల్లగా పైకి లేస్తుంది. జావా తనలో పోగైన చెత్తని తనే ఊడ్చుకున్నప్పుడు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. నిద్రపోతున్న మనిషి గుండె మీద దుప్పటి కదిలినట్టు ఉంటుంది. ఎంతసేపు చూసినా అతనికి విసుగు పుట్టేది కాదు.

రోజుకొకసారి గంటన్నర సేపు ఆ గీత దాదాపు పడుకునేది. రైతులు ఎవరూ వచ్చేవారు కాదు. గది అంతా ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ నిశ్శబ్దం బెన్నికి ఎంతో ఇష్టం. ఇష్టంతోపాటు ఒక అనుమానం కూడా. ఉన్నట్టుండి జనం రావడం ఆగిపోయిందంటే సర్వర్ లోపల ఎక్కడో నీరసపడిందని అతని లెక్క. అందుకని ఆ ఖాళీ వేళలోనే ఏదో ఒక సెట్టింగు మార్చి, సర్వర్‌ని ఒకసారి ఆపి మళ్ళీ లేపేవాడు. ఎవరూ లేనప్పుడు లేపితే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా.

ఎవరూ లేనప్పుడు అంటే పూర్తిగా ఎవరూ లేనప్పుడు కాదు. ఆ పడుకున్న గీత మీద ఒకే ఒక్క చిన్న అల వచ్చేది. రోజూ, ఆ ఖాళీలోనే. లాగ్‌లో పేరు ఉండదు, నంబరు ఉంటుంది: 4417. ఊరంతా వెళ్ళిపోయాక వచ్చే ఆ ఒక్క మనిషి మీద బెన్నికి తెలియని ఆపేక్ష కలిగింది. తనలాగే ఒంటరి వేళలంటే ఇష్టమున్న మనిషి అయి ఉంటాడు. చేలో మంచె మీద కూర్చుని, మిరప కళ్ళం మీద పడే ఎండని చూస్తూ ఫోను నొక్కుతుంటాడు. డేటాబేసులో వెతికితే నిమిషంలో పేరు దొరుకుతుంది. వెతికితే కల చెదిరిపోతుందని బెన్ని వెతకలేదు. అతను సర్వర్ ఆపినప్పుడల్లా 4417 పని మధ్యలో తెగిపోయేది. "క్షమించు తండ్రీ, రేపు రా" అని తెరకేసి అనేవాడు. ఆ మనిషి నిజంగానే మర్నాడు వచ్చేవాడు.

ఆ సోమవారం ఎనిమిదింటికి ఆఫీసుకు చేరేసరికే గీత పడుకుని ఉంది. బెన్ని మెమరీని రెట్టింపు చేసి, ఎనిమిదీ ఇరవైకి ఆపి లేపాడు. 4417 తెగిపోయాడు. తొమ్మిదీ రెండు నిమిషాలకి వందల మంది రైతులు ఒక్కసారిగా మీదపడ్డారు, సర్వర్ పడింది. మెమరీ పెరిగింది కాబట్టి ఊడ్చవలసిన ఇల్లు కూడా పెద్దదై, పడినది లేవడానికి ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది.

భవానీప్రసాద్ వచ్చి అద్దాల తలుపు దగ్గర నిలబడ్డాడు. కోపం వచ్చినప్పుడు ఆయన గొంతు తగ్గుతుంది. "ఏమయ్యా బెన్నీ, ఇంక ఒక్కటే గది మిగిలింది. శుక్రవారం పదకొండుకి చల్లబడుద్ది, అప్పట్నించీ దాని టోకెన్లిస్తాం. సీజన్ మొత్తానికి అదే ఆఖరు. ఆ రోజు ఇది పడితే రైతులు నన్ను రోడ్డు మీదికి లాగుతారు. లాగేలోపు నేను హైదరాబాద్ కంపెనీ వాళ్ళకి అప్పజెప్పేస్తా. నీ కుర్చీలో వాళ్ళ మనిషి కూర్చుంటాడు. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

"శుక్రవారం పడదండి" అన్నాడు బెన్ని. ఏ ధైర్యంతో అన్నాడో అతనికే తెలియదు. శుక్రవారం అనగానే అతని కళ్ళ ముందు రెండంగుళాల గొడుగు కదిలింది. ఆ పరధ్యానంలో అనేశాడు.

మంగళవారం ఖాళీ వేళ సాయంత్రం మూడు దాటాక వచ్చింది. సర్వర్‌లో పని చేసే థ్రెడ్లు రెండువందలు ఉంటే ఎనిమిదివందలు చేసి లేపాడు. థ్రెడ్లంటే ఏమీ లేదు, లోపల బస్తాలు మోసే హమాలీలే అనుకోండి. నాలుగున్నర దాటి ఒక్క నిమిషం కాగానే వచ్చిన జనానికి ఎనిమిదివందల మందీ ఒకరినొకరు తొక్కుకుని పడ్డారు. పడటం చూస్తే ఈసారి లేచేలా లేదు. ట్రాక్టర్ల బారు హైవే ఎక్కి మలుపు తిరిగింది.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటగానే మళ్ళీ పడింది. పుష్పవతి ఈసారి ఫోను చేయలేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని నేరుగా వచ్చేసింది. యాభై దాటిన మనిషి, గేటు దగ్గర ఇరవై ఏళ్ళ అనుభవం. బెన్ని తల పట్టుకుని కూర్చోవడం చూసి ఆమెకి జాలేసింది.

"ముందు అన్నం తినయ్యా. అసలు ఎందుకు పడతాందంట?"

"హమాలీలు చాలట్లేదేమోనని నాలుగింతలు పెంచా పిన్నిగారూ. ఇంకా ఎక్కువైంది."

పుష్పవతి అద్దంలోంచి యార్డుకేసి చూపించింది. "మన గది తలుపు ఎంతుంది? పదిమందికి పట్టుద్ది. అక్కడ ఎనభై మందిని నిలబెడితే ఏం మోస్తారు, మెడ మీద మెడ వేసుకుని తిట్టుకుంటారు. తలుపు పెద్దది చేసుకోవాలిగానీ."

బెన్ని ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. సర్వర్ నుంచి డేటాబేసులోకి వెళ్ళే దారులు పదే. వాటిని అతను ఏనాడూ ముట్టుకోలేదు. ఎడమచేత్తోనే దారులు నలభై చేసి, హమాలీలని మళ్ళీ రెండువందలకి దింపాడు. పుష్పవతికి ఆ సంబరం అర్థం కాలేదు గానీ, బల్ల మీదున్న కాగితం అందుకుంది. నెల రోజులుగా సర్వర్ పడిన వేళలు బెన్ని అందులో రాసుకున్నాడు. సోమవారాలు తొమ్మిది, మంగళవారాలు నాలుగున్నర, బుధవారాలు ఒకటిన్నర, గురువారాలు మూడు, శుక్రవారాలు పన్నెండు, శనివారాలు పదిన్నర.

"ఇదేందయ్యా, రాహుకాలం అయిపోయే టైములన్నీ రాసిపెట్టుకున్నావ్?"

బెన్ని ఆమెకేసి పిచ్చివాడిలా చూశాడు. వాళ్ళింట్లో గోడ క్యాలెండరులో తేదీకొక బైబిలు వాక్యం ఉంటుంది గాని రాహుకాలం ఉండదు. మూడు తరాలుగా ఎవరూ చూడలేదు. పుష్పవతి ఓపిగ్గా చెప్పింది. "ఇంట్లోంచి పంట కదిలే బండి కదా. రాహుకాలంలో టోకెన్ ఎవరు తీసుకుంటారు? అది అయ్యేదాకా ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుంటాం. అవగానే నొక్కుతాం. నేనైనా అంతే."

"మరి నెల నుంచి చెప్పలేదే?"

"నువ్వు అడిగావా? అయినా ఇది చెప్పాల్సిన సంగతని నాకేం తెలుసు, అందరికీ తెలిసిందే కదా."

నెల రోజుల నిశ్శబ్దం ఒక్కసారిగా అర్థమై బెన్నికి ఒళ్ళు పులకరించింది. సర్వర్‌కి నీరసం లేదు. ఊళ్ళకి ఊళ్ళు ఊపిరి బిగపట్టి గడియారం చూస్తున్నాయి. వత్సవాయి నుంచి వీరులపాడు దాకా అరుగుల మీద, చేలల్లో, టీ బడ్డీల దగ్గర వేల వేళ్ళు ఫోన్ల మీద ఆగి ఉన్నాయి. ఆ దృశ్యం అతనికి ఎంత అందంగా తోచిందంటే పది నిమిషాలు అందులోనే ఉండిపోయాడు. తేరుకున్నాక ఇంకో లెక్క వేశాడు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. ప్రధానం పదకొండింటికి. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెడితే పన్నెండున్నరకి ముందు ఆపిన దాఖలా లేదు. సర్వర్ మీద జనం విరుచుకుపడే వేళకి తను పూలదండతో చర్చిలో ఉంటాడు.

వెంటనే మహిమకి ఫోను చేశాడు. ఆమె క్లాసు మధ్యలో వరండాలోకి వచ్చి మాట్లాడింది.

"మహిమా, శుక్రవారం ప్రధానం పొద్దున తొమ్మిదికి పెట్టుకుందామా? లేదంటే పన్నెండున్నర దాటాక. మధ్యలో మాత్రం వద్దు."

"ఎందుకండీ?"

"పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. అది నాకు ఇవాళే తెలిసింది. ఎంత పెద్ద విషయమో తెలుసా, నెల నుంచి నాకు జరిగేవన్నీ దానివల్లే."

అటునుంచి పిల్లలు ఎక్కాలు చదవడం వినిపించింది. "సరే, నాన్నకి చెప్తా" అంది మహిమ. ఆ గొంతులో ఏదో తేడా ఉందని ఇంకెవరైనా గమనించి ఉండేవారు. బెన్ని అప్పటికే 4417 గురించి ఆలోచిస్తున్నాడు. ఊరంతా భయపడే గంటన్నరలో భయం లేకుండా వచ్చే ఆ మనిషి ఎవరై ఉంటాడు?

మహిమ ఆ సాయంత్రం ఇంట్లో చెప్పిన మాట ముక్తసరిగా ఉంది. రాహుకాలమని ప్రధానం మార్చమంటున్నారు. ఏలీయా మాస్టారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. భార్య పున్నమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చినా తాగలేదు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి, తెల్లచొక్కా, చంకలో సంచీతో మాస్టారు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర దిగాడు. ఆరా తీయడానికి ముందే పుష్పవతి ఎదురొచ్చింది. పెళ్ళివారి మనిషని తెలిసి ఆమె మంచి మాట చెప్పాలనుకుంది.

"మీ అల్లుడుగారు బంగారమండి. నిన్నటి నుంచి రాహుకాలం చూడకుండా దేన్నీ ముట్టుకోవట్లేదు."

మాస్టారు నేరుగా లోపలికి నడిచాడు. అద్దాల గదిలో గోడకి పెద్ద పంచాంగం క్యాలెండరు వేలాడుతోంది. వారంలో ఏడు రోజుల రాహుకాలాలకీ ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టి ఉన్నాయి. ఇదంతా విన్న భవానీప్రసాద్ ఆ పొద్దునే తన వంతు సాయం కూడా చేశాడు. సర్వర్ నుదుటి భాగంలో మూడు కుంకుమ బొట్లు, పైన వేలాడే నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలు. వాటి ముందు అల్లుడు కాబోయేవాడు చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా కూర్చుని ఉన్నాడు.

"బెన్నీ" అన్నాడు మాస్టారు.

బెన్ని తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "వందనాలు మామయ్యగారూ. ఒక్క గంట ఆగండి. మూడు దాటేదాకా నన్ను కదిలించొద్దు. రాహుకాలం నడుస్తోంది."

అన్నాక తను ఏమన్నాడో తనకే వినిపించింది. లేచి నిలబడ్డాడు. "అంటే, అది నాకు కాదండి, సర్వర్‌కి."

"సర్వర్‌కి రాహుకాలం."

"అవునండి. మిషన్‌కి కాదు, దాని మీదికొచ్చే జనానికి."

అదే సమయానికి భవానీప్రసాద్ ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు. "మాస్టారూ, రండి. మీవాడు మా దారిలోకి వచ్చేశాడండి. నేనెంత చెప్పినా విననివాడు, నిమ్మకాయ కట్టిస్తే కాదనలేదు."

ఏలీయా మాస్టారి మొహం రాయిలా అయింది. ఆయన గొంతు క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించే గొంతు. "బెన్నీ, నలభై ఏళ్ళ నుంచి నేను ఏ పని చేసినా రాహుకాలంలోనే చేశా. ఉద్యోగంలో చేరింది రాహుకాలంలో. పొలం కౌలుకి తీసుకుంది రాహుకాలంలో. నా పెళ్ళీ అంతే. భయంలేనివాడికి అది దేవుడిచ్చిన ఖాళీ వేళ. వంటవాడు ఖాళీ, షామియానా ఖాళీ, ఆఫీసులో క్యూ ఉండదు. రేపు పదకొండంటే పదకొండే. చర్చికి వస్తే ప్రధానం. పన్నెండు దాటాక వస్తే భోజనం చేసి వెళ్ళు."

సంచీ సర్దుకుని బయటికి నడిచాడు. బెన్ని అన్నీ వదిలేసి వెనకే పరుగెత్తాడు. యార్డులో, గేటు బయట, హైవే పక్కన, బస్టాపులో, నడుస్తున్నంతసేపూ థ్రెడ్ల గురించీ దారుల గురించీ చెప్తూనే ఉన్నాడు. మాస్టారు మూడింటి బస్సులో ఎక్కి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోయాక బెన్ని చాలాసేపు రోడ్డు పక్కనే నిలబడ్డాడు. మిర్చి ఘాటుకో, ఇంకెందుకో కళ్ళు మండాయి.

మూడూ ఇరవైకి కాళ్ళీడ్చుకుంటూ తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర హారన్ల మోత లేదు. ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా లోపలికి వస్తున్నాయి. సర్వర్ పడలేదు. నెల తర్వాత మొదటిసారి. "చూశావా, నిమ్మకాయ" అన్నాడు భవానీప్రసాద్. బెన్నికి ఎందుకు పడలేదో ఆలోచించే మనసు కూడా లేదు. ఆ పొద్దునే ఒక జాగ్రత్త మాత్రం చేసి పెట్టాడు. శుక్రవారం తను లేకపోయినా సరిగ్గా పదకొండున్నరకి సర్వర్ తనంతట తనే ఆగి లేచేలా టైమరు పెట్టాడు. జనం వచ్చేలోపు అరగంట ముందు నిద్రలేచి తాజాగా ఉంటుందని అతని ఆశ.

శుక్రవారం పదకొండింటికి పది నిమిషాల ముందే బెన్ని, వాళ్ళమ్మతో చర్చిలో ఉన్నాడు. మాస్టారు గడియారం చూసుకుని తల మాత్రం ఊపాడు. మహిమ పాల రంగు చీర కట్టుకుని పక్కన కూర్చుంది. మొహంలో కోపం ఉందో లేదో తేలలేదు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు, అందరూ తలలు వంచారు, కళ్ళు మూసుకున్నారు. కిటికీల రంగుటద్దాల్లోంచి ఎండ నీలంగా, పసుప్పచ్చగా నేల మీద పడుతోంది. ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. బయట ఎక్కడో పావురం.

కళ్ళు మూసుకోగానే బెన్నికి యథాప్రకారం కల వచ్చేసింది. అదే గీత. లేస్తోంది, దిగుతోంది. ఆదివారం మధ్యాహ్నాలు తను పడుకుని లేచాక అరగంట దాకా మాట పెగలదు, అమ్మ చెంబు ఇస్తే చెంబు వంక చూస్తూ కూర్చుంటాడు. జావా కూడా అచ్చం తనలాంటిదే. నిద్రలేచిన జావాకి ఏ పనైనా మొదట్లో నెమ్మదే. చేయగా చేయగా ఒళ్ళు వెచ్చబడి చేయి తిరుగుతుంది. ఖాళీ వేళలో లేపితే పని ఇచ్చేవాళ్ళు ఎవరుంటారు, వెచ్చబడేదెప్పుడు? అలా కళ్ళు నులుముకుంటున్నదాని మీదికి ఒక్కసారిగా వెయ్యిమంది. నిన్న ఎందుకు పడలేదు? దారులు పెద్దవయ్యాయి, నిజమే. ఇంకేం మారింది? నిన్న తను బస్టాపులో ఉన్నాడు. నిన్న సర్వర్‌ని ఆపి లేపకపోవడం ఒక్కటే తేడా.

నెల రోజులుగా దాన్ని పడగొడుతున్నది తనే.

ఆ వెనకే టైమరు గుర్తొచ్చింది. కళ్ళు తెరిచి గడియారం చూశాడు. పదకొండూ ఇరవయ్యారు. పాస్టరుగారు ఇంకా అబ్రాహాము దగ్గరే ఉన్నారు. లేచి బయటికి వెళితే ప్రధానం పోతుంది, కూర్చుంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ప్రధానం ఎలాగూ పోతుంది. పూలదండ కింద ఫోను తీశాడు. సిగ్నలు ఒక్క గీతే. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టాడు. మహిమ ఒక కన్ను తెరిచి చూసింది. చూసి, కొంగు సర్దుకుంటున్నట్టుగా అటు పక్కవాళ్ళకి ఫోను కనపడకుండా అడ్డం పెట్టింది. పదకొండూ ఇరవైతొమ్మిదికి టైమరు రద్దయింది.  ఫోన్లో గీత ప్రశాంతంగా పడుకుని ఉంది. దాని మీద ఒక చిన్న అల లేచింది.

4417.

ఎందుకో తల ఎత్తాడు. చర్చి నిండా మూసిన కళ్ళే. ఎదుటి వరసలో ఒకే ఒక్క జత తెరిచి ఉంది. ఏలీయా మాస్టారు బైబిలు మధ్యలో ఫోను పెట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి, బొటనవేలితో మెల్లగా నొక్కుతున్నాడు. ఆయన వేలు కదిలినప్పుడల్లా బెన్ని ఫోన్లో అల కదులుతోంది. ఆఖరున మాస్టారి ఫోను టింగుమంది. ఆయన మొహంలో పిల్లవాడి నవ్వు. అప్పుడు తల ఎత్తాడు. మామా అల్లుళ్ళ చూపులు కలిశాయి. ఇద్దరూ ఒక్కసారే కళ్ళు మూసుకున్నారు.

పాస్టరుగారు ఆ రోజు ఎన్నడూ లేనిది ప్రసంగం పది నిమిషాల్లో ముగించారు. ఉంగరాలు మార్చుకోవడం అయ్యాక మాస్టారు బెన్నిని పక్కకి పిలిచాడు.

"ప్రార్థనలో ఫోను చూస్తావా?"

"తప్పయిందండి." అని ఆగి, "మీరు కూడా..." అన్నాడు.

మాస్టారు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నాది వేరు. కళ్ళంలో నలభై టిక్కీలున్నాయి, మబ్బు చూస్తే భయంగా ఉంది. నెల నుంచి రోజూ రాహుకాలంలో టోకెన్ కోసం చూస్తున్నా. ఆ టైములో ఎవరూ ఉండరు కదా. సరిగ్గా నేను నొక్కేటప్పుడే ఎవడో దరిద్రుడు దాన్ని ఆపేస్తాడు. ఒకరోజు కాదు, రోజూ. నీతో చెప్పి చేయించుకోవచ్చు, కానీ అల్లుడి చేత టోకెన్ తీయించుకున్నాడని నలుగురూ అనరా? అందుకే పున్నమ్మ పేరు మీద నేనే తంటాలు పడ్డా. ఇవాళ దేవుడి దయ, వాడి చేయి ఆగింది. ఆఖరి గదికి మొదటి టోకెన్ మనదే."

"ఆమేన్" అన్నాడు బెన్ని, మనస్ఫూర్తిగా.

పన్నెండు కొట్టింది. బెన్ని జేబులో ఫోను మోగలేదు. పన్నెండూ ఐదు, పన్నెండూ పది. వెయ్యిమంది వచ్చారు, వెయ్యిమందీ వెళ్ళారు, వెచ్చగా ఉన్న సర్వర్ ఒకసారి ఊగి నిలబడింది. రాహుకాలం వెళ్ళాకే నందిగామలో బయలుదేరిన భవానీప్రసాద్, పుష్పవతి పన్నెండున్నర దాటాక పూలగుత్తి పట్టుకుని వచ్చారు. "పడలేదయ్యా. రెండో నిమ్మకాయ కూడా కట్టించా" అన్నాడు భవానీప్రసాద్. మాస్టారు ఆయనతో వాదించబోయి, చేతిలో టోకెన్ ఉంది కదా అని ఊరుకున్నాడు. రాహుకాలం చూసేవాడూ, రాహుకాలమే చూసుకునేవాడూ పక్కపక్కన కూర్చుని బిర్యానీ తిన్నారు.

విస్తళ్ళ దగ్గర మహిమ వంగి మెల్లగా అడిగింది. "ఆ దరిద్రుడు ఎవరో నాన్నకి ఇప్పుడు చెప్పనా, పెళ్ళయ్యాక చెప్పనా?"

"నీకెలా తెలుసు?"

"నాన్న రోజూ ఇంట్లో వాణ్ణి తిట్టే టైములు తెలుసు, మీ ఫోన్లో ఆపే టైమూ చూశా. లెక్కల టీచర్ని."

బెన్ని ఆమె కళ్ళలోకి చూశాడు. అక్కడ గొడుగు రెండంగుళాలు పైకి లేచి ఉంది. మళ్ళీ ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు, ఈసారి వంటింటి కిటికీ దగ్గర నుంచి.

ఆ తర్వాతి సోమవారం కోల్డ్ స్టోరేజీ నోటీసు బోర్డు మీద, సర్వర్ నిర్వహణలో కనబరిచిన విశేష కృషికి బెన్నిని అభినందిస్తూ భవానీప్రసాద్ సంతకంతో ఒక కాగితం అంటించారు. అతను సర్వర్‌ని ఆపి లేపక అప్పటికి ఐదు రోజులైంది.